అటక మీది చార్మినార్ రూపాయి: గ్రూపులో అమ్మే ముందు

పాత నాణేలు, నోట్లు సేకరించేవాళ్ల వాట్సాప్, టెలిగ్రామ్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో కొనడం, అమ్మడం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

మా మామగారి ట్రంకు పెట్టెలో పాత వెండి రూపాయలు దొరికాయి. కొన్నింటి మీద చార్మినార్ ఉంది, కొన్నింటి మీద రాజు తల ఉంది. మా అబ్బాయి నన్ను నాణేల గ్రూపులో చేర్చాడు. అక్కడ ఏమని రాసి పెట్టాలి? బాగా నల్లబడ్డాయి, చింతపండుతో తోమి ఫొటో తీయమంటారా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

తోమకండమ్మా. ఆ నలుపు దశాబ్దాలుగా గాలి తగిలి వెండి మీద ఏర్పడిన సహజమైన పొర. సేకర్తలు దాన్ని ఇష్టపడతారు, దానికి ఎక్కువ ధర కూడా ఇస్తారు. చింతపండు పులుపు ఆ పొరను తినేస్తుంది. విభూతి, పీతాంబరి పొడి సన్నటి గీతలు పెడతాయి. భూతద్దం కింద అవి ఒక్క చూపులో దొరికిపోతాయి, ఆ తర్వాత ధర సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. మట్టి అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి, చాలు. వాటిలో ఎవరైనా ఇదివరకే తోమినవి ఉంటే ఆ మాట పోస్టులో రాయండి. రాయకుండా అమ్మితే నాణెం తిరిగొస్తుంది, గ్రూపులో మీ పేరూ పోతుంది.

ముందుగా వాటిని రెండు కుప్పలుగా విడదీయండి. చార్మినార్ ఉన్నవి నిజాం నాణేలు, వాటినే హాలీ సిక్కా అంటారు. మధ్య ద్వారం లోపల ఒక ఉర్దూ అక్షరం కనిపిస్తుంది. అది మీమ్ (م) అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం, అయిన్ (ع) అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. అయిన్‌ను పూర్తిగా చెక్కినవి, కురచగా చెక్కినవి రెండు రకాలు ఉన్నాయి. కొనేవాళ్లు అడిగేది అదే కాబట్టి ఆ ద్వారాన్ని మాత్రం దగ్గరగా విడిగా ఫొటో తీయండి. నాణెం మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. 1330 అని ఉంటే అది మన లెక్కలో 1911–12.

రాజు తల ఉన్నవి బ్రిటిష్ ఇండియా రూపాయలు. ఐదవ జార్జి రూపాయి వెనక వైపు అడుగున ఉన్న పువ్వు కింద చిన్న చుక్క ఉంటే బొంబాయి టంకశాల, లేకపోతే కలకత్తా. 1911 రూపాయి కనిపిస్తే పక్కన పెట్టండి. రాజు వస్త్రం మీది ఏనుగు తొండం కురచగా ఉండి పందిలా కనబడుతోందని అప్పట్లో గొడవ జరిగింది, మరుసటి ఏడాది అచ్చు మార్చారు. అందుకే దానికి గిరాకీ ఎక్కువ.

ఇక తూకం. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా తెచ్చుకోండి. 1835 నుంచి 1939 దాకా వచ్చిన బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. 1940–45 రూపాయి బరువు అంతే, వెండి మాత్రం 50 శాతం. 1947 రూపాయి నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది. యంత్రంతో కొట్టిన చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. చేతులు మారి అరిగినవి కొంచెం తక్కువ తూగుతాయి, అది దోషం కాదు. బరువు ఎక్కువ వచ్చినా, మరీ తక్కువ వచ్చినా అనుమానించాలి.

కాటా ఉంది కదా అని బరువుతో ఆగిపోకండి, నీళ్ల పరీక్ష కూడా చేయండి. గాజు గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకీ గోడకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా చేత్తో వేలాడదీయండి. 1939 దాకా వచ్చిన రూపాయికి కాటా సుమారు 1.13 చూపిస్తుంది. 1940–45 రూపాయికి 1.23, చార్మినార్ రూపాయికి 1.10 దగ్గర ఉంటుంది. రూపాయి బరువు సరిపోయి నీళ్లలో 1.35 వస్తే అది ఇత్తడో, వెండి అసలే లేని జర్మన్ సిల్వరో అయి ఉంటుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరిగి మంచి నాణెమే దొంగదానిలా కనిపిస్తుంది, కాబట్టి దారాన్ని ఒకసారి కదిపి చూడండి. ఈ రెండు అంకెలూ పోస్టులో రాస్తే కొత్తవాళ్లయినా మీ మాట నమ్ముతారు. ఎందుకంటే కొన్నవాళ్లు తమ ఇంట్లో అదే పరీక్ష చేసి చూసుకోవచ్చు.

ఫొటోలు పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయండి. బొమ్మ, బొరుసు, అంచు, కాటా మీద పెట్టినది, మొత్తం నాలుగు. ప్రతి ఫొటోలోనూ మీ పేరు, గ్రూపు పేరు, ఆనాటి తేదీ చేత్తో రాసిన చీటీ కనపడాలి. చాలా గ్రూపుల్లో చీటీ లేని పోస్టును అడ్మిన్ తీసేస్తారు. పక్కవాళ్ల ఫొటోలు ఎత్తుకొచ్చి, లేని నాణేన్ని అమ్మేవాళ్లను ఆపేది ఆ చీటీయే.

పోస్టు ఇలా ఉంటే సరిపోతుంది: "హైదరాబాద్ రూపాయి, ఉస్మాన్ అలీ ఖాన్, హిజ్రీ 1337. 11.14 గ్రా., నీళ్లలో 1.10. తోమలేదు. అంచు మీద పది గంటల దిశలో చిన్న నొక్కు. ధర ఇంత, స్పీడ్ పోస్టు ఖర్చు అదనం. నకిలీ అని తేలితే ఎప్పుడైనా వాపసు, మిగతా కారణాలకు అందిన 3 రోజుల్లోపు." నొక్కును ముందే చెప్పినందువల్ల ధర పెద్దగా తగ్గదు. చెప్పకుండా పంపితే మాత్రం గొడవ ఖాయం. "ధర ఇన్‌బాక్స్‌లో" అని రాయకండి. ఒక్కొక్కరికి ఒక్కో ధర చెబుతున్నారన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

ధరకు అడుగు ఎక్కడో తెలుసుకోవాలంటే వెండి లెక్క వేయండి: 1939 దాకా వచ్చిన రూపాయిలో 10.69 గ్రాములు, 1940–45 రూపాయిలో 5.83, చార్మినార్ రూపాయిలో 9.14. అంతకు పైన ఎంతన్నది అమ్ముడైన ధరలు చూసి నిర్ణయించుకోండి, అడుగుతున్న ధరలు కాదు. తోడీవాలా, మరుధర్ లాంటి వేలం సంస్థల పాత ఫలితాలు చూడవచ్చు. అయితే అక్కడ పలికేది ఎంపిక చేసిన మంచి నాణేల ధర. అరిగిన నాణేనికి అది రాదు.

గ్రూపు వేలంలో రాత్రి 9 గంటలకు ₹1,850 పాడాను. నా ఫోన్‌లో నాదే చివరి పాట. అమ్మినాయన మాత్రం వేరొకరిది ముందు వచ్చిందంటున్నారు. ఎవరిది న్యాయం? – ఒక పాఠకుడు, విజయవాడ

ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు వాట్సాప్ సందేశాలు అన్ని ఫోన్లలోనూ ఒకే వరుసలో కనిపించవు. అందుకే మంచి గ్రూపులు "అడ్మిన్ ఫోన్‌లోని వరుసే ఖాయం" అని ముందే రాసి పెడతాయి. మీ గ్రూపులో ఆ నియమం ఉంటే అడ్మిన్ స్క్రీన్‌షాట్ అడిగి అక్కడితో వదిలేయండి. లేకపోతే ఇప్పుడే పెట్టించండి.

దానితోపాటు ఇంకొన్ని కావాలి. ₹1,000 దాకా ₹50 చొప్పున, ఆ పైన ₹100 చొప్పున పెంచాలి. చివరి 5 నిమిషాల్లో పాట వస్తే గడువు ఇంకో 5 నిమిషాలు జరగాలి. ఇలా చేస్తే ఆఖరి క్షణంలో దూరే ఆటకు విలువ ఉండదు, అమ్మేవారికీ అసలైన ధర వస్తుంది. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని 15 నిమిషాల దాకా మార్చుకోవచ్చు కాబట్టి "ఎడిటెడ్" అని కనిపించే పాట చెల్లదని కూడా రాయాలి. అమ్మేవారి బావమరిదో స్నేహితుడో ధర పెంచడానికి పాట పాడితే ఇద్దరినీ తీసేయాలి, ఇందులో మొహమాటం పనికిరాదు. గెలిచినవారు 24 గంటల్లో డబ్బు కట్టకపోతే రెండో పాటవారికి ఆయన పాడిన ధరకే ఇవ్వాలి.

పోస్టు కింద "బుక్" అని మొదట రాసింది నేను. అమ్మేవారు మరొకరికి ఎక్కువ ధరకు ఇచ్చేశారు. – ఒక పాఠకుడు, గుంటూరు

ధర వేసి పెట్టిన పోస్టు కింద "బుక్" అన్న మొదటి మాటతో బేరం కుదిరినట్టే. ఇన్‌బాక్స్‌లో ఎంత ఎక్కువ వచ్చినా అమ్మేవారు వెనక్కి పోకూడదు. అలాగే బుక్ చేశాక "ఇంట్లో ఒప్పుకోలేదు" అనే కొనుగోలుదారుకూ అదే లెక్క. స్క్రీన్‌షాట్‌తో అడ్మిన్‌కు చెప్పండి. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి తొలగింపు అన్నది చాలా చోట్ల ఉన్న పద్ధతి.

₹6,500 పెట్టి కొన్న రూపాయి నకిలీ అని అనుమానం. అమ్మినవారు "అమ్మిన సరుకు వాపసు లేదు" అంటున్నారు. – ఒక పాఠకుడు, నిజామాబాద్

అసలు నాణేనికి "వాపసు లేదు" అనవచ్చు, నకిలీకి ఆ మాట చెల్లదు. అయితే నకిలీ అన్నది మీరు నిరూపించాలి. పైన చెప్పిన తూకం, నీళ్ల పరీక్ష చేసి ఫొటోలు తీయండి. తర్వాత అంచును భూతద్దంతో చూడండి. పోతపోసినవాటికి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి, అక్షరాల అంచులు కరిగినట్టు మెత్తగా ఉంటాయి. బరువు, వెండి రెండూ సరిపోయినా కొత్త అచ్చుతో కొట్టిన నకిలీలు ఉంటాయి. అలాంటప్పుడు అదే ఏడాది అసలు నాణెం ఫొటోతో అక్షరం అక్షరం పోల్చాలి. గ్రూపులో అనుభవం ఉన్న ఇద్దరు ముగ్గురి అభిప్రాయం తీసుకోండి. అయితే అమ్మినవారి పేరు దాచి అడగండి, పేరు తెలిస్తే అభిప్రాయాలు అటో ఇటో ఒరుగుతాయి. నాణేలను పరీక్షించి స్థాయి నిర్ణయించే గ్రేడింగ్ సంస్థ డబ్బాలో సీలు వేసి వచ్చిన నాణెమైతే దాని మీది నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో వేసి, అక్కడి ఫొటోతో మీ నాణెం మీది మచ్చలు, గీతలు కలిశాయో లేదో చూడండి. నకిలీ డబ్బాలు కూడా వస్తున్నాయి.

పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీశారా? చిరునామా కనపడే సీలు దగ్గర మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా నాణెం కాటా మీద ఆగేదాకా ఒకే వీడియో ఉండాలి. అది లేకపోతే "నాణెం మార్చేశారు" అన్న మాటకు జవాబు ఉండదు. ఇకమీదట కొత్తవారితో ₹5,000 దాటిన బేరానికి అడ్మిన్‌ను మధ్యవర్తిగా పెట్టుకోండి: నాణెం, డబ్బు రెండూ ముందు ఆయనకు చేరాలి. ఆయన నంబరు గ్రూపు వివరాల్లోంచే తీసుకోండి. అదే ఫొటో, అదే పేరు పెట్టుకుని ఇన్‌బాక్స్‌లోకి వచ్చే దొంగ అడ్మిన్లు ఉన్నారు.

కొనేవారు క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేస్తే డబ్బు వస్తుందన్నారు. – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

రాదు, పోతుంది. యూపీఐలో డబ్బు అందుకోవడానికి స్కాన్ చేయనక్కర్లేదు, పిన్ కొట్టనక్కర్లేదు. డబ్బు పంపినట్టు వచ్చే స్క్రీన్‌షాట్‌ను కూడా నమ్మకండి, బ్యాంకు ఖాతాలో చూసుకున్నాకే పార్సెల్ కట్టండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యం అయ్యేకొద్దీ డబ్బు వేరే ఖాతాల్లోకి జారిపోతుంది.

నాణేలు ఎలా పంపాలి? – ఒక పాఠకుడు, కడప

ప్రతి నాణేన్ని పీవీసీ లేని కవరులో పెట్టండి. మామూలు మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఉంటే కొన్నాళ్లకు నాణెం మీద ఆకుపచ్చ జిగురు పడుతుంది. కవరును రెండు అట్టముక్కల మధ్య పెట్టి నాలుగు వైపులా టేపు వేయండి. చెవి దగ్గర ఊపితే చప్పుడు రాకూడదు. వస్తే మళ్లీ కట్టండి, దారిలో చేతులు పడేది ఆ చప్పుడు విన్నాకే. పైన "నాణేలు" అని రాయకండి, కౌంటర్‌లో అడిగితే మాత్రం నిజం చెప్పి ఇన్సూరెన్స్ తీసుకోండి. ఇన్సూరెన్స్ లేని పార్సెల్ పోతే వచ్చే పరిహారం మీ నాణెం విలువతో సంబంధం లేని చిన్న మొత్తం. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి గ్రూపు నియమాల్లో పాత మాట ఉంటే మార్పించండి. ప్రైవేటు కొరియర్ అయితే నగదు, నాణేలు తీసుకోమన్న షరతు ఉందేమో ముందే చదవండి.

డల్లాస్‌లో ఉంటాను. గ్రూపులో కొన్న నిజాం నాణేలను మా అన్నయ్య ఇక్కడికి పంపవచ్చా? – ఒక పాఠకుడు

వందేళ్లు దాటిన నాణేన్ని పంపకూడదు, సూట్‌కేసులో తేకూడదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అది పురావస్తువు. దేశం దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా. వందేళ్లలోపు నాణేలకు ఈ అడ్డు లేదు. అయినా కస్టమ్స్‌లో ఆపితే చూపడానికి, అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే ధ్రువపత్రం తీసుకోవడం మంచిది. అప్పటిదాకా అన్నయ్య దగ్గరే ఉంచండి. దేశం లోపల కూడా వందేళ్లు దాటినవాటిని వ్యాపారంగా అమ్మేవారికి లైసెన్సు ఉండాలి. పొలంలోనో గోడలోనో దొరికినవి మీవి అనుకుని గ్రూపులో పెట్టకండి, 1878 చట్టం ప్రకారం ₹10 విలువ దాటిన నిధిని కలెక్టరుకు తెలపాలి.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ₹5 నాణేనికి లక్షలు ఇస్తామని, ముందు ₹2,000 ఆర్‌బీఐ ఫీజు కట్టమన్నారు. మా దగ్గర పాత ₹1,000 నోట్లు కూడా ఉన్నాయి, అవీ అమ్మవచ్చా? – ఒక పాఠకుడు, ఖమ్మం

ఆ నాణెం మామూలుగా చలామణీలో ఉన్నదే. ఆర్‌బీఐ పాత నాణేలు, నోట్లు కొనదు, ఫీజు వసూలు చేయదు. ఈ మాట 2021 ఆగస్టులో ఆర్‌బీఐ స్వయంగా ప్రకటించింది. దేవుళ్ల బొమ్మలతో ఈస్టిండియా కంపెనీ 1818 అని రాసిన రాగి బిళ్లలు కూడా తర్వాత ఎవరో తయారుచేసినవే, కంపెనీ వాటిని ఎప్పుడూ వేయలేదు. వాటికి బియ్యాన్ని లాగే శక్తి ఉందంటూ రైస్ పుల్లింగ్ పేరుతో తిరిగేవాళ్లను గ్రూపులోకి రానివ్వకండి.

రద్దయిన ₹500, ₹1,000 నోట్లకు లెక్క ఉంది. 2017 చట్టం ప్రకారం రెండు రకాలూ కలిపి 10 మించి ఉంచుకోకూడదు. సేకరణకో అధ్యయనానికో అయితే 25 దాకా. దాటితే ₹10,000 లేదా నోట్ల ముఖ విలువకు ఐదు రెట్లు, ఏది ఎక్కువైతే ఆ మేరకు జరిమానా పడవచ్చు. కొనేవారి దగ్గర ఇప్పటికే ఎన్ని ఉన్నాయో అడిగి, ఆ సంఖ్య దాటని విధంగానే ఇవ్వండి.