నాన్నకు బ్లడ్ క్యాన్సర్.. పిల్లలకూ వస్తుందా?

ప్రశ్న: మా నాన్నకు 56 ఏళ్ళు. ఆరు నెలల కిందట బ్లడ్ క్యాన్సర్ అన్నారు. రిపోర్టులో సీఎంఎల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా) అని ఉంది. రోజూ ఇమాటినిబ్ మాత్ర వేసుకుంటున్నారు. ఈ మాట తెలిసి, మా చెల్లెలికి కుదిరిన సంబంధం వాళ్ళు ‘వాళ్ళ రక్తంలోనే క్యాన్సర్ ఉంది’ అంటూ వెనక్కి తగ్గారు. ఇది మాకూ వస్తుందా? పరీక్షలు చేయించుకోవాలా?
– ఓ పాఠకురాలు, ఆదోని

జవాబు: రాదమ్మా. మీ నాన్నగారి జబ్బు వంశపారంపర్యం కాదు. రక్తం ఎముకల్లోని మూలుగలో తయారవుతుంది. అక్కడి ఒకే ఒక మూలకణంలో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడం వల్ల సీఎంఎల్ మొదలవుతుంది. అలా మారిన 22వ క్రోమోజోమునే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ అంటారు. ఇది ఆయన పుట్టుకతో వచ్చింది కాదు, పెద్దయ్యాక ఎప్పుడో జరిగిన మార్పు. పిల్లలకు అందే బీజకణాల్లో అది ఉండదు. మీ అక్కాచెల్లెళ్ళలో ఏ లక్షణాలూ లేకపోతే పరీక్షలు అక్కర్లేదు.

జన్యువుల్లో తేడా అనగానే తరతరాలకూ వస్తుందని చాలామంది అనుకుంటారు. ఆ పెళ్ళివారి భయమూ అదే. నిజానికి బ్లడ్ క్యాన్సర్ ఒకే జబ్బు కాదు. లుకేమియా, లింఫోమా, మైలోమా అని ముఖ్యంగా మూడు రకాలు. లుకేమియాలో మళ్ళీ వేగంగా ముదిరేవి, మీ నాన్నగారిదిలా నెమ్మదిగా పెరిగేవి ఉన్నాయి. వీటిలో కుటుంబంలో కాస్త ఎక్కువగా కనిపించేది సీఎల్ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా). పేరు దగ్గరగా ఉన్నా అది వేరే జబ్బు, మన దేశంలో తక్కువ. అది ఉన్నవారి పిల్లల్లో కూడా ఎక్కువమందికి రాదు.

పుట్టుకతో వచ్చే కారణాలు అసలు లేవని కాదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు లుకేమియా ముప్పు ఎక్కువ. ఫాంకోని ఎనీమియా అనే అరుదైన జబ్బులోనూ అంతే. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ లోపం దాగి ఉంటే, ప్రతి కాన్పులో బిడ్డకు ఫాంకోని ఎనీమియా వచ్చే అవకాశం 4లో 1 వంతు. మన రాయలసీమలో మేనరికాలు ఎక్కువ కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇద్దరు ముగ్గురికి, అదీ చిన్న వయసులోనే, రక్త జబ్బులు వచ్చి ఉంటే జన్యు సలహా తీసుకోవాలి. మీరు రాసినదాంట్లో అలాంటిదేమీ లేదు.

నాకు టెన్షన్ మీ గురించి కాదు, నాన్నగారి మాత్రల గురించి. ఇమాటినిబ్ 2001లో వాడకంలోకి వచ్చాక ఈ జబ్బు తీరే మారిపోయింది. మాత్రలు సరిగా వాడేవాళ్ళలో చాలామంది దాదాపు అందరిలాగే బతుకుతున్నారు. ఒంట్లో బాగుందని మధ్యలో మానేస్తేనే ముప్పు. అన్నం తిన్నాక, పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకోమనండి. జబ్బు ఎంత అదుపులో ఉందో చూపే బీసీఆర్-ఏబీఎల్ రక్తపరీక్షను మూడు నెలలకోసారి తప్పనివ్వకండి. ఖర్చు భారమైతే కర్నూలు పెద్దాసుపత్రిలో ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్ దగ్గర అడగండి.

పెళ్ళివారిని ఒకసారి నాన్నగారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మీ మాటకన్నా ఆయన మాట వాళ్ళు త్వరగా నమ్ముతారు.