ఫిల్టరుతో పాటు పంపుతున్న ఉత్తరం

చిన్నమ్మలూ,

నువ్వు ఇన్‌స్టంట్ పొడి మానేసి ఇంట్లోనే ఫిల్టరు కాఫీ పెట్టుకుంటావట. అందుకు అమ్మమ్మ ఇత్తడి ఫిల్టరే కావాలన్నావట. మీ అమ్మ ఫోనులో చెప్పగానే ఆ పూటంతా పొంగిపోయి, కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. హైదరాబాదులో ఒక్కదానివి, పొద్దున్నే ఆఫీసు హడావుడి, చేతిలో మరిగే నీళ్లు. నా భయం సంగతి తరువాత చెబుతాను. ముందు పని సంగతి.

పై గిన్నెలో పొడి వేసి, కాడ ఉన్న బిళ్ల పెట్టి (మన ఇంట్లో దాన్ని గొడుగు అంటాం), తెర్లిన నీళ్లు దించి ఒక్క నిమిషం ఆగి పోసి, మూత పెట్టి, ఇరవై నిమిషాలు దాని జోలికి వెళ్లకుండా ఉండు. ఇద్దరికి మూడు నిండు చెంచాల పొడి. అంతే. ఇంతవరకు పొట్లం మీదే రాసి ఉంటుంది.

అదే పొట్లం మీద చికోరీ (కాఫీలో కలిపే ఒక మొక్క వేరు పొడి) ఎంత శాతమో కూడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. నువ్వు చదవవలసింది అది. చికోరీ కలిపి అమ్మే పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన. అంటే మిగతా 49 దాకా వేరు పొడే ఉన్నా అడిగేవాడు లేడు. చికోరీ పాపమేమీ కాదు. ఆ చిక్కదనం, ఆ నలుపు చాలావరకు దాని చలవే. కెఫీన్ మాత్రం అందులో ఉండదు. మీ అమ్మమ్మకు నూటికి ముప్పై పాళ్లు చికోరీ పడితే గానీ కాఫీ తాగినట్టు ఉండేది కాదు. మీ తాతయ్యకు దాని వాసన తగిలితే గ్లాసు పక్కన పెట్టేసేవారు. ఆయనకు పీబెర్రీ గింజలే (కాయలో రెండు బద్దలకు బదులు గుండ్రంగా ఒకటే ఉండేవి) కావాలి, అవీ అప్పటికప్పుడు మరలో తిప్పినవి. అందుకే మన వంటింట్లో రెండు ఫిల్టర్లు ఉండేవి. పెద్దది తాతయ్యది, చిన్నది అమ్మమ్మది. ఆ చిన్నదే ఇప్పుడు నువ్వు అడిగింది. ఒకరి ఫిల్టరులోంచి ఒకరు తాగడం నేను ఎన్నడూ చూడలేదు.

నేను ఆ ఇద్దరి దారీ పట్టకుండా అరకు కాఫీకి అలవాటు పడ్డాను. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చాక అందరి నోటా అదే పేరు. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, పక్కన మిరియాల తీగలతో పెరిగే అరబికా కదా, చేదు తక్కువ. చిక్కటి గేదె పాలు పోస్తే దాని రుచి మునిగిపోతుందని నా అంతట నేనే పాలు తగ్గించుకున్నాను. మీ అమ్మ అది చూసి కషాయం అంటుంది. నీకు ఏది నచ్చుతుందో నేనెలా చెప్పను? మూడు రకాలు వంద గ్రాముల చొప్పున తెచ్చుకుని వారానికొకటి తాగి చూడు. కిలో మాత్రం కొనకు. మర ఆడించిన పొడికి రెండు వారాలు దాటితే వాసన పోతుంది.

మీ అమ్మ చూపించిన ఫొటోలో ఫ్రెంచ్ ప్రెస్ కూడా కనబడింది. వద్దనను. దానికి పొడి ఉప్మా రవ్వలా బరకగా ఉండాలి, నాలుగు నిమిషాలు నానాలి. ఫిల్టరు పొడి అందులో వేస్తే నోట్లో ఇసుక పడినట్టుంటుంది. పాలు లేకుండా తాగేవాళ్లకు అది బాగానే ఉంటుంది. పాలు పోశావా, పల్చగా నీళ్లనీళ్లగా తయారవుతుంది.

నీళ్ల మాట మరిచిపోయాను. మన బోరు నీళ్లు ఉప్పన. అమ్మమ్మ వాటితో ఏనాడూ కాఫీ పెట్టలేదు. వేసవిలో కాలువలు కట్టేసి చెరువు అడుగంటుతుంటే ఆ సంగతి మొదట ఆవిడ కాఫీలోనే తెలిసేది. శ్రావణంలో గోదావరి ఎర్రనీళ్లు వస్తే ఇండుపగింజ అరగదీసి బిందెలో కలిపి, తేరిన తరువాతే పొయ్యి మీద పెట్టేది. మీ ఫ్లాటులో వచ్చే శుద్ధి నీళ్లు మరీ చప్పగా ఉంటే కాఫీ కూడా పేలవంగా వస్తుంది. పొడి తప్పనుకుని ఇంకో చెంచా వేసేయకు.

ఇక నా భయం.

1986 ఆగస్టు. ధవళేశ్వరం దగ్గర గోదావరికి 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. లంక గ్రామాల నుంచి వచ్చిన వాళ్లు మన మేడ మీద ముప్పై మంది దాకా ఉన్నారు. నాకు ఇరవై ఏళ్లు, మీ అమ్మకు పదమూడు. అమ్మమ్మ గంగాళాలతో అన్నం వండుతూ, పెద్దవాళ్లకు కాస్త కాఫీ ఇవ్వమని నాతో అంది. పొడి కొంచెమే ఉంది. గట్టిగా అదిమితే డికాషన్ గట్టిగా దిగుతుందని నా తెలివి. గ్లాసు అడుగుతో పొడిని రాయిలా కుదించాను. నీళ్లు పోశాను. పది నిమిషాలైనా ఒక్క చుక్క దిగలేదు. మెత్తటి పొడి నీళ్లకు ఉబ్బి చిల్లులను మూసేస్తుందని అప్పుడు నాకేం తెలుసు? పైన జనం ఎదురుచూస్తున్నారు. ఊడదీసి చూద్దామంటే రెండు గిన్నెలూ వేడికి బిగిసిపోయాయి. కింది గిన్నెను మసిగుడ్డతో పట్టుకోమని మీ అమ్మకు ఇచ్చి, నేను పై గిన్నెను బలమంతా పెట్టి తిప్పాను. అది ఒక్కసారిగా ఊడింది. మరుగు నీళ్లూ, ముద్దైన పొడీ దాని ఎడమ మణికట్టు మీద పడ్డాయి.

అది అరవలేదు. గుమ్మంలో ఇల్లు కొట్టుకుపోయిన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ఆవిడ వైపు చూసి, నా వైపు తిరిగి, "అన్నయ్యా, కాఫీ పోయింది" అంది.

ఎవరో సిరా పూశారు, ఇంకెవరో కొబ్బరినూనె. చుట్టూ నీళ్లు. డాక్టరు దగ్గరికి పడవలో తీసుకెళ్లేసరికి రెండు రోజులైంది. నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్న ఆ మచ్చ అదే. తాతయ్యతో తానే ఒలకబోసుకున్నానంది. పెళ్లయ్యాక మీ నాన్నతోనూ, తరువాత నీతోనూ దీపావళి చిచ్చుబుడ్డి అంది.

అందుకని అమ్మలూ, ఒట్టు వేసి చెప్పు. పొడిని గొడుగుతో ఊరికే చదును చేయి, అదమకు. డికాషన్ దిగకపోతే మూత తీసి, చెంచాతో గొడుగును కాస్త కదిపి వదిలేయి. అప్పటికీ దిగకపోతే ఆ పూట టీ తాగు. వేడి మీద ఆ గిన్నెలను విడదీయకు. పొద్దున హడావుడిగా ఉంటే రాత్రే డికాషన్ తీసి ఫ్రిజ్‌లో పెట్టుకో. రుచి కాస్త తగ్గినా నేను తిట్టను. పొరపాటున కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు చెయ్యి ఉంచి, అప్పుడు నాకు ఫోను చేయి. రాత్రి పదకొండుకు కాఫీ తాగుతున్నావని కూడా విన్నాను. దానికి వేరే ఉత్తరం రాస్తాను, అందులో ఇంత మంచిగా ఉండను.

ఫిల్టరు బస్సు పార్సిల్‌లో వేశాను. లోపల కళాయి (తగరపు పూత) కొత్తది. పోసేవాడు దొరకడానికే రెండు నెలలు పట్టింది. అందులో డికాషన్ నిలవ ఉంచకు, తీయగానే గాజు సీసాలోకి వంచుకో. చిల్లులు మూసుకుపోతే పై గిన్నెను వేడినీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో రుద్దు. మంట మీద మాత్రం కాల్చకు, కళాయి కరిగిపోతుంది. ఈ ఉత్తరం మీ అమ్మకు చూపించకు. చూపించినా చిచ్చుబుడ్డే అంటుందనుకో.

పై గిన్నె అంచుకు ఒక సొట్ట కనబడుతుంది. ఆ రోజు నా చేతిలోంచి జారి గచ్చు మీద పడినప్పటిది. దానివల్ల మూత తిన్నగా పెడితే కూర్చోదు. కాస్త ఎడమకు తిప్పు, కూర్చుంటుంది.

మీ మామయ్య