నాన్నగారి గురించి రాయబోతున్న మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం, దానితోపాటు పంపిన రెండు కాగితాలు అందాయి. రాబోయే శ్రావణంలో నాన్నగారి సాంవత్సరీకం నాటికి ఆయన జ్ఞాపకాలతో చిన్న పుస్తకం వేయించి, వచ్చిన బంధువులందరి చేతిలో పెట్టాలనుకున్నావనీ, రెండు పేజీలు రాసేసరికి ఇంకేమీ తోచక ఆగిపోయావనీ, ఇంత ప్రేమించిన నాన్న గురించి రెండు పేజీలకు మించి రాయలేకపోవడమేమిటని రాత్రుళ్ళు బాధపడుతున్నావనీ రాశావు. ఆ బాధ పెట్టుకోకు తల్లీ. నీ ప్రేమకేమీ లోటు లేదు, నువ్వు మొదలుపెట్టిన చోటు సరైంది కాదు, అంతే.

ఆ రెండు పేజీలూ నేను నాలుగుసార్లు చదివాను. "నిరాడంబరులు, క్రమశిక్షణకు మారుపేరు, అందరికీ తలలో నాలుక" అని రాశావు. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కాని ఎంత వెతికినా అందులో మా తమ్ముడు నాకు కనిపించలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని కనుక ఎన్నో సంతాపసభల్లో కూర్చున్నాను, ఎందరో మాస్టార్ల గురించి ఈ మాటలే విన్నాను. అవి ఎవరికైనా సరిపోతాయి, అందుకే ఎవరినీ గుర్తుచేయవు. ఆయన ఎలాంటివారో రాయడం ఆపి, ఆయన ఏం చేసేవారో రాయడం మొదలుపెట్టు. పొద్దున లేచింది మొదలు రాత్రి తలుపు గడియ వేసేదాకా ఆ చేతులు ఏమేం పనులు చేశాయో ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ పో. గుణం నువ్వు చెప్పనక్కర లేకుండానే చదివినవాళ్ళకు తెలుస్తుంది.

ఒకటి నేనే చెబుతాను. నీకు పదేళ్ళప్పుడు నేను వేసవి ముందు మీ ఇంటికి వచ్చాను. ఆదివారం పొద్దున్నే మీ నాన్న సంత నుంచి లేత పనసకాయ తెచ్చి, వీధి అరుగు మీద పాత దినపత్రికలు పరిచి, పాత పంచె మోకాళ్ళ పైకి బిగించి, జిగురు అంటుకోకుండా రెండు చేతులకూ, కత్తికీ కొబ్బరినూనె పట్టించుకుని కూర్చున్నాడు. ముందు పైచెక్కు తీశాడు. తర్వాత కాయను ఒడుపుగా తిప్పుకుంటూ, కత్తి చిన్నగా ఎత్తి దించుతూ, టకటకమని పొట్టు కొడుతున్నాడు. అంగడిలో కొట్టిన పొట్టు వాడికి పనికిరాదు, అందులో ముక్కలు వస్తాయనేవాడు. నువ్వు ఎదురుగా గొంతుక్కూర్చుని పదమూడో ఎక్కం అప్పజెబుతున్నావు. తప్పు చెప్పినప్పుడు వాడు తిట్టలేదు, తలెత్తి చూడనూ లేదు, కత్తి ఆపేవాడు. ఆ చప్పుడు ఆగగానే నువ్వు నాలుక కరుచుకుని వెనక్కి వెళ్ళి సరిచేసుకునేదానివి, కత్తి మళ్ళీ మొదలయ్యేది. క్రమశిక్షణకు మారుపేరు అని నువ్వు రాసిన మాట వెనక ఉన్నది ఇదే కదా! మరి ఆ కత్తి చప్పుడు నీ రెండు పేజీల్లో ఎందుకు లేదు?

కనుక ముందు పుస్తకం సంగతి మరిచిపోయి, ఒక రూళ్ళ నోటుపుస్తకం కొనుక్కో. రోజుకు ఒక్కటంటే ఒక్క జ్ఞాపకం, పది వాక్యాలకు మించకుండా రాయి. వరస చూడకు. పుట్టుక, చదువు, ఉద్యోగం, పెళ్ళి అని క్రమంగా రాయబోతే అది సర్వీసు రిజిస్టరు అవుతుంది. కోటిపల్లిలో పంటు ఎక్కి గోదావరి దాటి నువ్వు కాకినాడ కాలేజీ నుంచి వచ్చినప్పుడల్లా, ముక్తేశ్వరం రేవులో సైకిలు స్టాండు వేసి నిలబడి ఉండేవాడు కదా, నిన్ను చూడగానే మొదట ఏమనేవాడు? నీ సంచీ హ్యాండిలుకు తగిలించేవాడా, క్యారియరుకు కట్టేవాడా? కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి భుజాల మీద ఎక్కించుకుని తీసుకువెళ్ళినప్పుడు నువ్వు పట్టుకున్నది చెవులా, జుట్టా? ఇంత చిన్నవి ఎవరికి కావాలని నీకు అనిపించవచ్చు. ముందుగా మనల్ని వదిలి వెళ్ళిపోయేవి ఇవే. పుట్టిన తేదీ సర్టిఫికెట్టులో ఎప్పటికీ ఉంటుంది, సంచీ ఎక్కడ కట్టేవాడో మాత్రం నీ తర్వాత చెప్పేవాళ్ళుండరు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా నాన్నగారు, అంటే మీ తాతగారు, 1984లో పోయారు. అప్పటికి ఆయనది ఒకే ఒక్క ఫోటో ఉండేది, ఎవరిదో పెళ్ళిలో నలుగురితో కలిసి తీయించుకున్నది. దాన్ని పెద్దది చేయించాలని టౌనులో ఒక స్టూడియోలో ఇచ్చాను. వాళ్ళు ఆయన్ను వేరుచేసి, జుట్టు నున్నగా దువ్వి, బుగ్గలకు రంగు వేసి, ఒంటి మీద కోటు తొడిగి ఇచ్చారు. జీవితంలో ఆయన ఉత్తరీయం తప్ప మరొకటి వేసుకోలేదు. అసలు ఫోటో అడిగితే ఎక్కడో పోయిందన్నారు. మా పిల్లలు ఆ కోటు మనిషినే తాతగారనుకుని పెరిగారు. అప్పుడైనా నేను కూర్చుని ఆయన భోజనం ఎలా చేసేవారో, వీధి గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఎలా పిలిచేవారో రాసి పెట్టి ఉంటే ఆ కోటును పిల్లల మనసులోంచి తీసేయగలిగేదాన్ని. రాయలేదు. మరచిపోనులే అనుకున్నాను. ఇప్పుడు ఆయన గొంతు ఎంత ప్రయత్నించినా నాకు గుర్తు రావడం లేదు, దగ్గు మాత్రమే గుర్తుంది.

అందువల్ల నాన్నగారి ఫోటోలు ఎవరికైనా ఇచ్చే ముందు ఒక ప్రతి తీసి నీ దగ్గర ఉంచుకో. ఇప్పుడు ఫోనుల్లో పాత ఫోటోలకు నవ్వు తెప్పించే, కళ్ళు కదిలించే సదుపాయాలు వచ్చాయని మా మనవడు చూపించాడు. చేసుకునేవాళ్ళను తప్పుపట్టను కాని, మీ నాన్న విషయంలో అది చేయవద్దని నా కోరిక. ఆ నవ్వు వాడిది కాదు. మీ ఇంట్లో నలుపు తెలుపు ఫోటోలు బాగానే ఉంటాయి. నీ చిన్నప్పటి రంగు ఫోటోలే ఎర్రబారుతూ ఉంటాయి, ముందు వాటికి ప్రతులు తీయించు. జిగురు పేజీల ఆల్బములో ఉంటే నెమ్మదిగా బయటికి తీసి, వెనకవైపు మెత్తటి పెన్సిలుతో ఎవరెవరో, ఏ ఊరో రాయి. బాల్‌పెన్నుతో రాస్తే అచ్చు ముందుకు దిగుతుంది.

గొంతు సంగతి ఇంకా తొందరగా చూడాలి. ఫోనులో మాట టైపు చేయడం చేతకాక మీ నాన్న నీకు మాటలే రికార్డు చేసి పంపేవాడని చెప్పావు. అవి నీ ఫోనులో ఉన్నంత మాత్రాన భద్రమనుకోకు, ఫోను నీళ్ళలో పడితే వాటితోపాటే పోతాయి. ఈ వారమే కంప్యూటరులోకి ఎక్కించి, మరో ప్రతి మీ తమ్ముడి దగ్గర పెట్టించు. "మందు వేసుకున్నాను, నువ్వు పడుకో" అన్న మామూలు మాటలను కూడా తీసేయవద్దు. మీ నాన్న ఫోను మీ అమ్మ ఇంకా రీచార్జి చేయిస్తూనే ఉందని తెలిసింది. అనవసరమైన ఖర్చని ఆమెతో ఎవరూ అనకుండా చూడు. 90 రోజులు వాడకుండా వదిలేసిన నంబరును కంపెనీ రద్దు చేసి, తర్వాత మరొకరికి ఇచ్చేయవచ్చు. వాట్సాప్ ఖాతా కూడా 120 రోజులు వాడకపోతే మామూలుగా తీసేస్తారు. ఏదో ఒక రోజు ఆ నంబరు నుంచి తెలియని మనిషి పలికితే మీ అమ్మ తట్టుకోలేదు. ఎప్పుడు వదలాలో ఆమెనే తేల్చుకోనీ.

ఇక మీ అమ్మను అడగడం గురించి. ఇందులో చాలామంది తప్పుచేస్తారు. పుస్తకం, కలం పట్టుకుని ఎదురుగా కూర్చుని "నాన్న గురించి చెప్పమ్మా" అంటే ఆమె కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని "ఏం చెప్పనే, దేవుడులాంటి మనిషి" అని ఊరుకుంటుంది. ఆమె మునగాకు దూస్తున్నప్పుడో, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నప్పుడో పక్కన కూర్చుని నువ్వూ చేయి వేయి. చేతులకు పని ఉంటే మాట తనంతట తానే వస్తుంది. అడిగేది కూడా పెద్ద ప్రశ్న కాకూడదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఏ కూర చేస్తే ఆయన మారు అడిగి వడ్డించుకున్నారో, మొదటి జీతంతో ఏం తెచ్చారో అడుగు. కూర దగ్గర మొదలైన మాట ఎక్కడికి పోతుందో నీకే తెలియదు. విన్నది అక్కడే రాసుకోకుండా రాత్రికి, ఆమె మాటల్లోనే రాసుకో. ఆమె "మీ నాన్నారు" అంటే నువ్వు "నాన్నగారు" అని దిద్దవద్దు.

ఒకే సంగతి ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు, దానికీ సిద్ధంగా ఉండు. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి నీకు గుర్తుండే ఉంటుంది. కోనసీమలో కొబ్బరితోటలు ఆ ఒక్క రాత్రిలో నేలకూలాయి. గాలి లేవకముందే మీ నాన్న బడికి పరుగెత్తి అడ్మిషన్ రిజిస్టరు ఇంటికి తెచ్చి, ఇంటి దస్తావేజులతో కలిపి యూరియా సంచిలో చుట్టి, కొబ్బరితాడుతో కట్టి దూలానికి వేలాడదీశాడని మీ అమ్మ చెబుతుంది. దూలం కాదు, బియ్యం డ్రములో అడుగున పెట్టాడని, మర్నాడు తానే చేయి పెట్టి తీశానని మీ తమ్ముడు అంటాడు. ఎవరిది నిజమో తేల్చే పని పెట్టుకోకు. రెండూ రాయి, ఎవరు చెప్పారో కూడా రాయి. పెంకులు ఎగిరిపోతున్న ఇంట్లో, ఊరి పిల్లల పుట్టిన తేదీలు తడవకూడదని ఒక మనిషి తాపత్రయపడ్డాడన్నది ఇద్దరి మాటలోనూ ఉంది.

వాడి కోపం కూడా రాయమ్మా. నీకు ఇష్టం ఉండదని తెలుసు, అయినా అడుగుతున్నాను. వాడికి కోపం వస్తే అరిచేవాడు కాదు, మాట్లాడటం మానేసేవాడు. ఇంజనీరింగు వద్దని నువ్వు డిగ్రీలో చేరినప్పుడు పదకొండు రోజులు నీతో మాట్లాడలేదని ఆ రోజుల్లో నువ్వే నాకు ఉత్తరం రాశావు, అది నా పెట్టెలో ఉంది. పన్నెండో రోజు ఏమీ జరగనట్టు నీ పుస్తకాలకు అట్టలు వేసి బల్ల మీద పెట్టాడు. ఆ పదకొండు రోజులు దాచిపెడితే ఆ అట్టలకు అర్థం ఉండదు. పోయినవారిని నొప్పించని విధంగా రాయడం వేరు, వారిలో సగాన్ని తీసేయడం వేరు. మీ అమ్మకు కష్టం కలిగించే సంగతి ఏదైనా తగిలితే మాత్రం, నోటుపుస్తకంలో ఉంచుకుని అచ్చులో వదిలిపెట్టు.

తద్దినం నాటి వంట గురించి అడిగావు. శ్రాద్ధంలో కాకర నూరు కూరలకు, నల్లేరు మూడువందల కూరలకు, పనస ఆరువందల కూరలకు సమానమని పెద్దలు చెప్పే శ్లోకం ఉంది. వాడికి ఇష్టమైన పనస, విధిలోనూ అంత పెద్దపీట ఉన్నది కావడం నాకు ఎంతో తృప్తిగా ఉంది. పురోహితులు చెప్పినట్టే అన్నీ చేయండి, తిథి ప్రకారమే చేయండి. అయితే సంవత్సరానికి ఆ ఒక్క రోజే కాకుండా, లేత కాయలు వచ్చే రోజుల్లో ఒక ఆదివారం నీ పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని పొట్టు నువ్వే కొట్టు. చేతికి నూనె రాసుకోవడం, పొట్టు పసుపు వేసి ఉడికించి పిండడం, కూర దించి కాస్త చల్లారాక ఆవ కలపడం, అన్నీ వాళ్ళ చేతే చేయించు. ఆవ ముందే వేస్తే చేదెక్కుతుందని మీ నాన్న మీ అమ్మకు ప్రతిసారీ చెప్పేవాడు, ఆమెకు తెలిసినా వినేది. ఇది కూడా ఆ పూట పిల్లలకు చెప్పు. మీ చిన్నవాడు తాతగారిని బాగా ఎరగడు. ఫోటో చూపించి దణ్ణం పెట్టమంటే పెడతాడు, అంతకుమించి వాడికేం తెలుస్తుంది? కత్తి ఆగడం ఒకసారి విననీ.

పుస్తకం శ్రావణానికి పూర్తికాకపోతే వచ్చే ఏడు వేయించు, తొందరేమీ లేదు. తొందర ఉన్నది నా వంటివాళ్ళ దగ్గర. వాడి చిన్నతనం చూసినవాళ్ళలో మిగిలినది నేనొక్కదాన్నే, నాకు ఎనభై దాటాయి. నువ్వు ఈ నెలలోనే రెండు రోజులు తీరిక చేసుకుని రా. 1961లో నేను కాపురానికి వెళ్ళిన రోజున వాడికి పదేళ్ళు. పొద్దున్నుంచి ఎవరికీ కనబడకుండా దొడ్లో గడ్డివాము వెనక కూర్చున్నాడు, నేను బండి ఎక్కేటప్పుడు కూడా రాలేదు. అత్తవారింట్లో ట్రంకుపెట్టె సర్దుకుంటుంటే అడుగున, చీరల కింద అగ్గిపెట్టె ఒకటి దొరికింది. అందులో వాడి గోళీలు ఏడు ఉన్నాయి, ఊళ్ళో పిల్లలందరినీ ఓడించి గెలుచుకున్నవి. మా పిల్లలు ఆడి పారేయగా మూడు మిగిలాయి, నీకోసం తీసి పెట్టాను.

వచ్చేటప్పుడు ఆ నోటుపుస్తకం తెచ్చుకో. అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయి, మీ అమ్మ అద్దాలు లేకుండా చదువుకోవాలి.

ఇట్లు,
మీ అత్తయ్య