అర్జీలో పదకొండు డిమాండ్లు, ఉత్తరంలో నాలుగు లైన్లు

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. హెడ్మాస్టరుగా రిటైరయ్యాను. మా నగరంలో వృద్ధుల సంక్షేమ సంఘం పెట్టి మూడేళ్లయింది. 43 మంది సభ్యులం. కార్పొరేషన్ బడ్జెట్‌లో పెద్దవాళ్లకు నిధులు పెంచాలని, రెండంతస్తుల వృద్ధుల భవన్ కట్టాలని నేను ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ప్రతి సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్తాను. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి, "నాన్నా, నువ్విలా రోడ్డెక్కితే మేం నిన్ను చూడటం లేదనుకుంటారు, మా పరువు పోతోంది" అంటున్నాడు. ఇది మానకపోతే సంక్రాంతికి రానన్నాడు. మా ఆవిడ కూడా నాకు సపోర్ట్ చేయడం లేదు. అక్టోబర్ 1, వృద్ధుల దినోత్సవం నుంచి రిలే నిరాహార దీక్షకు కూర్చోవాలనుకుంటున్నాను. సమాజం కోసం పాటుపడేవాణ్ని సొంత ఇల్లే అర్థం చేసుకోకపోతే ఏం చేయాలి? పోరాటం మానేయాలా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు (పేరు, ఊరు రాయవద్దన్నారు)

జవాబు: మాస్టారూ, ముందు మీరు అడిగినవాటికి జవాబు చెప్పేస్తాను, ఎక్కువ సేపు పట్టదు. పోరాటం మానకండి. మీ అబ్బాయికి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. సంక్రాంతికి వస్తాడు, రాకపోతే అరిసెలు మిగులుతాయి. షుగర్ మాత్రలు వేసుకుంటున్నానని రెండో పేజీలో మీరే రాశారు కాబట్టి నిరాహార దీక్ష ఆలోచన కట్టిపెట్టండి. అంతే.

ఇక మీరు అడగని విషయం.

మీ ఉత్తరం ఐదు పేజీలు. కమిషనర్ గారి పేషీ గురించి ఒక పేజీ, కార్పొరేటర్ గారు ఫోన్ ఎత్తకపోవడం గురించి ఒకటిన్నర పేజీ. మీ శ్రీమతి గురించి మాత్రం నాలుగు చోట్ల ఉంది. పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివాను కాబట్టి లెక్క తప్పే అవకాశం లేదు. "మా అమ్మకు 92 ఏళ్లు, ఏడాదిన్నరగా మంచం మీదే, మా ఆవిడ చూసుకుంటుంది" అన్నది ఒకటి. "రాత్రి రెండింటికి డైపర్ మార్చాలని మా ఆవిడ అలారం పెట్టుకుంటుంది, ఆ మోతకు నాకు నిద్ర చెడి పొద్దున మీటింగులకు ఇబ్బందవుతోంది" అన్నది రెండోది. "చెల్లెలి కూతురి పెళ్లికి వెళ్లలేకపోయానని సాధిస్తుంది" మూడోది.

నాలుగోది చదివాక కాగితం పక్కన పెట్టి కాసేపు వరండాలో తిరిగి వచ్చాను. "మొన్న శ్రావణమాసంలో మా ఆవిడ బాత్‌రూమ్‌లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మూడు నెలలు తిరిగితే దొరికిన కమిషనర్ అపాయింట్‌మెంట్ ఆ రోజే. పక్కింటివాళ్లను తోడిచ్చి ఆస్పత్రికి పంపి నేను అక్కడికి వెళ్లాను. నా నిబద్ధత అలాంటిది."

ఇది మీరు గొప్పగా రాసుకున్నారు. నన్ను ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. మంచం పుండ్లు పడకుండా ఉండాలంటే కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. కట్టు కట్టిన చేత్తో మీ ఆవిడ ఆ పని ఎలా చేసిందో, లేక ఎవరైనా వచ్చి చేశారో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీకు తెలుసా అసలు?

ఆవిడ వయసు కూడా రాయలేదు. 1979లో పెళ్లయిందన్నారు కాబట్టి 65కి అటూ ఇటూ ఉంటుంది. 60 దాటితే చట్టం లెక్కలో సీనియర్ సిటిజనే కదా. మీ ఇంట్లో ఒక వృద్ధురాలు ఇంకో వృద్ధురాలికి పగలూ రాత్రీ డ్యూటీ చేస్తోంది. మీరు వృద్ధుల సంక్షేమం కోసం ఊరంతా తిరుగుతున్నారు. ఆవిడ మీకు సపోర్ట్ చేయడం లేదని నాతో చెబుతున్నారు. మాస్టారూ, మీరు సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని గ్రీవెన్స్‌కి బయల్దేరగలుగుతున్నారంటే దానికి కారణం ఎవరు?

మీరు జతచేసిన అర్జీ జెరాక్స్ కూడా చూశాను. అక్షరం ముత్యంలా ఉంది, టీచర్ల చేతిరాతకి నేను ఇప్పటికీ లొంగిపోతాను. పదకొండు డిమాండ్లు. రీడింగ్ రూమ్, దినపత్రికలు, క్యారమ్ బోర్డులు, యోగా హాలు, వాకింగ్ ట్రాక్‌కి లైట్లు, పార్కుల్లో బెంచీలు, మీటింగులకు మైక్ సెట్... పార్కులో టాయిలెట్ మూడో నంబర్లో ఉంది. మంచి డిమాండే, ప్రోస్టేట్ బాధ తెలిసినవాళ్లు రాసిన కాగితమని అక్కడే అర్థమైంది. 43 సంతకాల్లో ఆడవాళ్లవి మూడు. బెంచీలు వద్దనడం లేదు, నాకూ మోకాళ్లున్నాయి. కానీ ఈ పదకొండింట్లో మంచం దిగలేని మీ అమ్మగారికి గానీ, ఆ మంచం దగ్గర్నించి కదలలేని మీ ఆవిడకు గానీ పనికొచ్చేది ఒక్కటైనా ఉందేమో మళ్లీ చదవండి.

అదే అర్జీలో తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమం కోసం తెచ్చిన 2007 నాటి చట్టాన్ని రెండుసార్లు ప్రస్తావించారు. జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో 150 మంది పేద వృద్ధులకు చోటు అని చెప్పే 19వ సెక్షన్. ప్రభుత్వాస్పత్రుల్లో పెద్దవాళ్లకు వేరే క్యూ అని చెప్పే 20వ సెక్షన్. బాగా పట్టుకున్నారు. పుస్తకం మొదట్లోనే ఉన్న 2వ సెక్షన్, 4వ సెక్షన్ మాత్రం వదిలేశారు. తల్లిదండ్రుల పోషణ బాధ్యత పిల్లలదని చట్టం అంటుంది. పిల్లలంటే ఎవరో కూడా అక్కడే రాసింది: కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు అన్న మాట లేదు. కోడళ్లనీ అల్లుళ్లనీ చేర్చాలని 2019లో సవరణ బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు.

అత్తగారికి చేయడం కోడలి ధర్మం కదా అంటారు మీరు. మన ఇళ్లలో అలాగే పెరిగాం, నేనూ కాదనను. ఆ ధర్మాన్ని ఆవిడ ఏడాదిన్నరగా చేస్తూనే ఉంది. కానీ తల్లి మీకు తల్లి కదా.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. మా నాయనమ్మ ఏడేళ్లు మంచం మీద ఉంది. చేసింది మా అమ్మ. నాయనమ్మ పోయిన పన్నెండో రోజు భోజనాల దగ్గర బంధువులందరూ మా నాన్న భుజం తట్టి, "తల్లి రుణం తీర్చుకున్నావయ్యా" అని మెచ్చుకున్నారు. మా నాన్న కళ్లు తుడుచుకున్నాడు. అమ్మ ఆ పంక్తిలోనే పప్పు వడ్డిస్తోంది. నాకప్పుడు పద్నాలుగేళ్లు. ఆ రోజు నుంచి ఎవరింట్లోనైనా "అమ్మని బాగా చూసుకుంటున్నాడు" అని మగవాణ్ని పొగిడితే నా కళ్లు వంటింటి వైపు వెళ్తాయి.

మీ అబ్బాయి విషయం కూడా ఇక్కడే తేల్చేస్తాను. పరువు పోతోందంటున్నాడని మీరు నొచ్చుకున్నారు. వాడు పెరిగింది మీ ఇంట్లోనే కదా. కష్టం ఆడవాళ్లు లోపల చూసుకుంటారు, మర్యాద మగవాళ్లు బయట చూసుకుంటారు అని వాడు మీ దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ పాఠం మీకే అప్పజెబుతున్నాడు, అంతే.

ముందు ఇల్లు సర్దండి. అమ్మగారి రాత్రిళ్లు ఇక మీవి. కన్నతల్లికి మగవాడు ఆ పనులెలా చేస్తాడని సంకోచం ఉంటే, పొద్దున స్నానానికీ బట్టలు మార్చడానికీ ఒక ఆయాను పెట్టుకోండి. హెడ్మాస్టరు పెన్షన్‌కి అది భారం కాదు. పోయినేడాది సన్మానాల్లో శాలువాలకే ఎంతయిందో మీరే లెక్క రాశారు. పక్కకు తిప్పడం, అన్నం మెత్తగా కలిపి తినిపించడం, మాత్రలు వేయడం, రాత్రి డైపర్, ఇవి మీరు చేయగలరు. వారం రోజులు మీ ఆవిడ పక్కన నిలబడి నేర్చుకోండి. ఆవిడ మొదట్లో మిమ్మల్ని చేయనివ్వదు, "మీకు చేతకాదు, పొండి" అంటుంది. వెళ్లిపోకండి. రాజమండ్రిలో ఉన్న మీ చెల్లెలు పండక్కి వచ్చి అమ్మ మంచం దగ్గర ఏడ్చి వెళ్తుందని రాశారు. ఏడవనివ్వండి. నెలకు ఓ పది రోజులు వచ్చి, అమ్మకు చేస్తూ ఏడవమనండి. చట్టంలో కూతురు అనే మాట కూడా ఉంది.

ఇక పోరాటం. అందులో నాకు పేచీ లేదని మొదటే చెప్పాను. పన్ను కట్టే ఊరిని సేవలు అడగడం అడుక్కోవడం కాదు, పిల్లలు చూడనివాళ్లే అడుగుతారన్నదీ ఉత్త మాట. నాకు నచ్చనిది మీరు అడుగుతున్న వస్తువు.

భవనం అడిగారు. ఏదో ఒకనాటికి ఇస్తారు కూడా. దానికి కాంట్రాక్టు ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది, ఫలకం మీద పేర్లుంటాయి. రిబ్బన్ కత్తిరించిన ఏడాదికల్లా తాళం పడుతుంది. వాచ్‌మన్ జీతానికీ ఊడ్చే మనిషికీ ఎవరూ డబ్బు పెట్టి ఉండరు కాబట్టి. వృద్ధులకు కావలసింది సిమెంటు కాదు మాస్టారూ, నెలనెలా జీతం తీసుకుని ఇంటికి వచ్చే మనిషి. వారానికోసారి నర్సు రావాలి. తుంటి విరిగినవాళ్లకు ఫిజియోథెరపిస్టు రావాలి. లిఫ్టు లేని మూడో అంతస్తు నుంచి స్ట్రెచర్ దింపేవాళ్లు కావాలి. మంచం మీదున్న మనిషిని నాలుగు రోజులు అప్పజెప్పి ఇంటావిడ చెల్లెలి కూతురి పెళ్లికి వెళ్లొచ్చేలా పది పడకల చోటు ఒకటి ఉండాలి. 70 దాటినవాళ్లకు 2024 అక్టోబర్‌లో కేంద్రం తెచ్చిన 5 లక్షల బీమా మంచిదే, కానీ అది ఆస్పత్రిలో చేరితేనే. ఇంట్లో పక్క తిప్పడానికి బీమా రాదు.

ఇవన్నీ గాల్లో మేడలని ఆఫీసులో ఎవరైనా అంటే కేరళ చూపించండి. 1993లో కోళికోడ్‌లో కొందరు డాక్టర్లు చిన్నగా మొదలుపెట్టిన పాలియేటివ్ కేర్, అంటే నయం కాని జబ్బులతో ఉన్నవాళ్ల బాధ తగ్గించే సేవ, 2008 నాటికి రాష్ట్ర ప్రభుత్వ విధానమైంది. అక్కడి పంచాయతీలు, మునిసిపాలిటీలు తమ నిధులతో నర్సును ఇళ్లకు పంపుతాయి. పట్టణాల్లో వయోమిత్రం అని ఇంకో పథకం ఉంది, 65 దాటినవాళ్లకు మొబైల్ క్లినిక్, ఉచిత మందులు. అంత దూరం ఎందుకు, మన ఆంధ్రలో ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి గుమ్మం దగ్గరికొచ్చి 4,000 రూపాయల పింఛను చేతిలో పెట్టి వెళ్తున్నాడు. అంటే మంచం పట్టిన మనిషి ఏ ఇంట్లో ఉందో ప్రభుత్వానికి తెలుసు, ఆ ఇంటికి దారీ తెలుసు. డబ్బు తీసుకెళ్లే దారిలో నర్సు ఎందుకు వెళ్లలేదని అడగండి. ఈ ప్రశ్న మీ పదకొండు డిమాండ్ల కంటే బరువైనది.

అడిగే వేళ కూడా మార్చుకోవాలి. అక్టోబర్ 1న శాలువా కప్పి, రెండు యాపిల్ పళ్లు చేతిలో పెట్టి పంపేస్తారు, అది మీకు నాకంటే బాగా తెలుసు. ఏప్రిల్ నుంచి మొదలయ్యే ఏడాదికి లెక్కలు చలికాలంలోనే వేస్తారు. ఈలోగా పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, గత మూడేళ్లలో వృద్ధుల పద్దు కింద ఎంత కేటాయించారు, అందులో నిజంగా ఎంత ఖర్చు చేశారు అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. రాసింది ఒకటి, ఖర్చు పెట్టింది ఒకటి అని తేలితే ఆ ఒక్క కాగితం మీ దీక్ష శిబిరం కంటే ఎక్కువ పని చేస్తుంది.

కొత్త అర్జీ మీరు రాయకండి. మీ ఆవిడ చెప్తుంటే మీరు రాయండి. టీచరు కదా, డిక్టేషన్ ఇవ్వడమే అలవాటు, ఈసారి తీసుకోండి. ఏం కావాలని ఒక్కసారి అడిగితే ఆవిడ చెప్పదు, "నాకేం వద్దు" అంటుంది. 46 ఏళ్లుగా అడగనివాళ్లు హఠాత్తుగా అడిగితే ఎవరైనా అదే అంటారు. రెండు మూడు రాత్రులు అమ్మగారి పని మీరు చేశాక అడగండి. తర్వాత మీ 43 మంది ఇళ్లకు వెళ్లి, సభ్యుణ్ని కాదు, లోపలున్నవాళ్లని అడగండి. సంతకం మొదటిది మీ శ్రీమతిది ఉండాలి. కుడి చేతి మణికట్టయితే, కట్టు విప్పేదాకా ఆగండి.

ఈ జవాబు ఆవిడకు చదవమని ఇవ్వకండి, కళ్లజోడు వెతుక్కునే తీరిక ఆవిడకు ఉండి ఉండదు. మీరే చదివి వినిపించండి. ఆ తర్వాత రాత్రి రెండు గంటల అలారం మీ ఫోన్‌లో పెట్టుకుని, ఆవిడ ఫోన్‌లో ఉన్నది తీసేయండి.