ప్లేలు కాలేజీవే, కానీ క్వార్టర్‌బ్యాక్ పని వేరు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో, కాలేజీలో వందల గజాలు విసిరిన క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపే ఆటగాడు) ఎన్‌ఎఫ్‌ఎల్‌కి, అంటే ప్రొఫెషనల్ లీగ్‌కి, వెళ్లగానే ఎందుకు తడబడతాడు, అక్కడి టీమ్‌లు కూడా ఇప్పుడు కాలేజీ ప్లేలే (ముందే వేసుకున్న ఎత్తులే) వాడుతున్నాయి కదా అని అడిగారు. నేను లబ్బక్‌లో, టెక్సస్ టెక్‌లో ఎంఎస్ చేశాను. అక్కడ కళ్లారా చూసిన దాంతోనే మొదలుపెడతాను.

2016 అక్టోబర్ 22న ఓక్లహోమాతో మ్యాచ్‌కి స్టేడియంలో ఉన్నాను. మా క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ ఆ రాత్రి 734 గజాలు విసిరాడు. అయినా 66-59తో ఓడిపోయాం. అప్పటికి నాకు రూల్స్ సగం కూడా తెలియవు. కానీ ఒకటి బాగా గుర్తుండిపోయింది. మావాళ్లు హడిల్ కట్టకుండా (ప్లే చెప్పుకోవడానికి గుమిగూడకుండా) నేరుగా లైన్ మీదికి వచ్చి, తలలు తిప్పి సైడ్‌లైన్ వైపు చూసేవాళ్లు. అక్కడ ఇద్దరు ముగ్గురు చేతులతో సైగలు చేసేవాళ్లు. అప్పట్లో చాలా కాలేజీల్లో ఇదే పద్ధతి. డిఫెన్స్ ఎలా నిలబడిందో చూసి ప్లే మార్చే పని చాలావరకు కోచ్‌దే.

మీ ప్రశ్నకి జవాబు నా దృష్టిలో అక్కడే ఉంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో స్నాప్‌కి (బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడానికి) ముందు పని క్వార్టర్‌బ్యాక్ నెత్తిన పడుతుంది. కోచ్ హెల్మెట్ రేడియోలో ప్లే చెప్తాడు. ప్లే క్లాక్‌లో (ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే టైమ్‌లో) 15 సెకన్లు మిగలగానే రేడియో ఆగిపోతుంది. ఆ తర్వాత సాయం ఉండదు. తనని కాచే లైన్‌మెన్ డిఫెన్స్‌లో ఎవరి నుంచి లెక్కపెట్టుకోవాలో, బ్లిట్జ్ (అదనపు మనుషులతో మీదపడే దాడి) ఎటు నుంచి రావచ్చో, ప్రొటెక్షన్ (ఆ కాపలా) ఎటు తిప్పాలో చాలా టీమ్‌లలో అతనే చూసి చెప్పాలి.

ఇది ఎంత కష్టమో మా అన్నయ్య కొడుకుని చూశాకే అర్థమైంది. వాడు డాలస్ దగ్గర హైస్కూల్ టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్. స్కూల్లో కోచ్ నంబర్ చెప్తే చేతి పట్టీలో చూసుకుంటాడు. పోయిన వేసవిలో పెరట్లో నిలబెట్టి, ఎన్‌ఎఫ్‌ఎల్ తరహా ప్లే ఒకటి, "గన్ ట్రిప్స్ రైట్, జెట్ మోషన్, 72 వై క్రాస్, ఎఫ్ షూట్, ఆన్ టు" అని ఒక్కసారి చెప్పి, తిరిగి చెప్పమన్నాను. జెట్ దాకా వచ్చి, "బాబాయ్, మళ్లీ చెప్పవా" అన్నాడు. వారం తిరిగేసరికి మొత్తం చెప్పేశాడు, చివరి "ఆన్ టు" తప్ప. స్నాప్ ఎప్పుడో చెప్పేది ఆ రెండు మాటలే. అది తెలియకపోతే ఎవడో ఒకడు ముందే కదులుతాడు, ఐదు గజాలు పోతాయి.

ఇక ప్లేల విషయం. వాటినీ ఉన్నవి ఉన్నట్టు వాడలేరు. మైదానం వెడల్పు రెండు చోట్లా 160 అడుగులే. కాలేజీలో హ్యాష్ గీతల (ప్రతి ప్లేకి బంతి పెట్టే చోటుకి హద్దులు) మధ్య 40 అడుగులు ఉంటుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. కాలేజీలో బంతి హ్యాష్ మీదుంటే ఒకవైపు 60 అడుగులు, రెండోవైపు 100. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అది దాదాపు 71, 89. కాలేజీలో పాస్ అందుకునే రిసీవర్‌కి ఊరికే దొరికే ఆ ఖాళీని ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మోషన్‌తో (స్నాప్‌కి ముందు ఆటగాణ్ని కదిలించి), ఫార్మేషన్‌తో (నిలబడే తీరుతో) పుట్టించుకోవాలి. ఆర్‌పీఓకి (పరుగా పాసా అన్నది క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకునే ప్లేకి) ఇంకో చిక్కుంది. పాస్ వదిలేలోపు లైన్‌మెన్ కాలేజీలో మూడు గజాల దాకా ముందుకు వెళ్లొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. అందుకే బంతి ఇంకా త్వరగా చేతిలోంచి వెళ్లిపోవాలి.

వీటన్నిటికీ నాకు నచ్చిన ఉదాహరణ క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్. 2004లో యూటా కాలేజీ టీమ్‌లో, కోచ్ అర్బన్ మేయర్ స్ప్రెడ్ ఆట (ఆటగాళ్లని మైదానం వెడల్పంతా పరిచే పద్ధతి) ఆడి ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 2005లో ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి పిక్. ఆ సీజన్‌లో ఒకే ఒక్క టచ్‌డౌన్ పాస్, 11 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థులు పట్టేసిన పాస్‌లు)! కొత్త భాష నేర్చుకునే టైమ్ అతనికి ఎవరూ ఇవ్వలేదనే నేను అంటాను. 2017లో కాన్సస్ సిటీలో కోచ్ ఆండీ రీడ్ మహోమ్స్‌ని కూర్చోబెట్టింది అదే స్మిత్ వెనక. మహోమ్స్ ఆ ఏడాది ఆఖరి వారం ఒక్క మ్యాచే ఆడాడు. 2018లో 50 టచ్‌డౌన్లు విసిరి ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. రీడ్ తన ప్లేబుక్‌లోకి కాలేజీ ప్లేలు తెచ్చాడు, మిగతా సగం, అంటే స్నాప్‌కి ముందు పని, నేర్చుకోవడానికి కుర్రాడికి ఏడాది టైమూ ఇచ్చాడు.

2024 నుంచి పెద్ద కాలేజీల్లోనూ హెల్మెట్ రేడియో వచ్చింది, అదీ 15 సెకన్ల దగ్గరే ఆగుతుంది. ఈసారి కాలేజీ మ్యాచ్ చూసేటప్పుడు బంతిని కాసేపు వదిలేసి, ఆ ఆఖరి సెకన్లలో క్వార్టర్‌బ్యాక్ తల ఎటు తిరుగుతోందో చూడండి, సైడ్‌లైన్ వైపా, డిఫెన్స్ వైపా.