ఛార్జింగ్ లైటు ఏడాదికే ఎందుకు పోతుందంటే...

"కొని ఏడాది కాలేదు, ఛార్జింగ్ టార్చి పది నిమిషాలు కూడా వెలగడం లేదు. బ్యాటరీ మార్చాలా, కొత్తది కొనాలా?" అని అడిగారు. బ్యాటరీ మార్చండి. మార్చేదాకా మాత్రం దాన్ని నమ్ముకుని చీకట్లోకి వెళ్లకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా నాయన చెయ్యి బోరు మోటారు ఫీజు డబ్బాలో ఉండగా మా లైటు ఆరిపోయింది.

2013 ఫిబ్రవరి. నల్లగొండ జిల్లాలో మా ఊరు. యాసంగి వరి పిలకలు వేస్తోంది. అప్పట్లో బోర్లకు ఏడు గంటల కరెంటు, అదీ పగలు కొంత, రాత్రి కొంత. మాకు రాత్రి ఒంటిగంటకు వచ్చేది. నాయన, నేను గట్టు మీదుగా వెళ్లి మోటారు వేస్తే గుయ్యిమని మూలుగుతోంది గానీ నీళ్లు రావడం లేదు. ఒక ఫేజు లేదు, అంటే మోటారుకు వచ్చే మూడు తీగల్లో ఒకదాంట్లో కరెంటు లేదు. మోటారు ఆపే ఎర్ర బటన్ నొక్కి, డబ్బా తెరిచి, కాలిన పింగాణీ ఫీజు ఊడబీకి కొత్త తీగ చుట్టాడు. దాన్ని తిరిగి పెట్టడానికి చెయ్యి లోపలికి పెట్టాడు. లైటు నా చేతిలో ఉంది. వెలుగు నీలంగా మసకబారింది. అయిదారు సెకన్లు, అంతే, మొత్తం పోయింది.

"లైటేమాయెరా?"

"బంద్ అయింది నాయనా."

"అడుగు తియ్యకు. ఆడనే నిలబడు."

మోటారు ఆపినా పై తీగల్లో కరెంటు ఉంది. ఆయన వేళ్లకు, దానికి మధ్య ఎంత దూరముందో ఇద్దరికీ కనిపించదు. నేను స్విచ్ పైకీ కిందికీ కొడుతూనే ఉన్నాను, ప్రతిసారీ రవ్వంత మెరిసి పోతోంది. చెయ్యి ఎలా పెట్టాడో అలాగే, ఊపిరి బిగబట్టి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత తడి గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించబోయాడు. మూడు అగ్గిపుల్లలు ఆరిపోయాయి, నాలుగోది అంటుకుంది. ఆయన చెయ్యి వణకడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ రాత్రి నీళ్లు పారలేదు.

ఆ లైటు సాయంత్రం నుంచి ఛార్జింగులోనే ఉంది, ఎర్ర బుడ్డి వెలుగుతూనే ఉంది. మోసమంతా అక్కడే. చవక లైట్లలో ఆ ఎర్ర బుడ్డి ప్లగ్గులో కరెంటు ఉందని మాత్రమే చెబుతుంది. బ్యాటరీ నిండిందో లేదో దానికి తెలియదు.

మర్నాడు స్క్రూలు విప్పి చూశాను. లోపల 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, పక్కలు ఉబ్బి ఉన్నాయి. మేం చేసిన తప్పులు రెండు. వానాకాలమంతా ఛార్జింగ్ దిగిపోయిన లైటును అటక మీద పడేశాం. లెడ్ బ్యాటరీని ఖాళీగా ఉంచితే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, మళ్లీ ఎంత ఛార్జ్ చేసినా ఎక్కదు. రెండోది, అవసరం వచ్చినప్పుడు రోజంతా ప్లగ్గుకే వదిలేశాం. నిండాక ఆపే ఏర్పాటు ఆ లైట్లలో ఉండదు, లోపలి తడి ఎండిపోతుంది. పైన రబ్బరు మూతలు తీసి సిరంజితో డిస్టిల్డ్ వాటర్ వేసి చూశాను. రెండు వారాలు వెలిగి మళ్లీ చచ్చింది. మీరు ఆ పని పెట్టుకోకండి, యాసిడ్ చేతికి అంటుతుంది. ఇంకో మాట, ప్లగ్గులో ఉండగా ఆ లైట్లను విప్పకూడదు. చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, గోడలో కరెంటు నేరుగా లోపలి సర్క్యూట్లోకి వస్తుంది.

నాకు అసలు కోపం కొన్న షాపు మీద. "బ్యాటరీలు రావు, కొత్త లైటు తీసుకో" అన్నాడు. మూడు వీధుల అవతల రేడియోలు బాగుచేసే ముసలాయన దగ్గర అదే 4 వోల్టుల బ్యాటరీ దొరికింది. రెండు తీగలు అతికించి పది నిమిషాల్లో ఇచ్చాడు. ప్లాస్టిక్, బల్బు, అద్దం అన్నీ బాగున్న వస్తువును పారేయమని ఎలా చెప్పబుద్ధి అవుతుందో!

ఇప్పుడు నా దగ్గరున్నది లిథియం లైటు, లోపల 18650 సెల్లు. 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు, అందుకే ఆ పేరు. పైన 9900 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) అని రాసి ఉంటే కొనకండి. ఆ సైజులో మంచి సెల్లుకే 3500 దాటడం కష్టం. చేతిలో పెట్టుకుని చూడండి, అసలుది దాదాపు 45 గ్రాములు, ఆ పైన తూగుతుంది, దొంగ సరుకు తేలిగ్గా ఉంటుంది. లిథియంతో ఒక ఇబ్బంది చెప్పాలి. మా తాత మూడు సెల్లుల స్టీలు టార్చి ఆరిపోయే ముందు గంటసేపు ఎర్రబడేది, ఇంటికి చేరేంత టైము ఇచ్చేది. చాలా లిథియం లైట్లు చివరిదాకా తెల్లగా వెలిగి టక్కున ఆగిపోతాయి. ఉబ్బిన లిథియం బ్యాటరీని మాత్రం ఒక్క రోజు కూడా ఇంట్లో ఛార్జింగ్ పెట్టొద్దు.

మీది ఏ రకమైనా సరే, ఫుల్ ఛార్జ్ చేసి ఇంట్లో వెలిగించి ఎంతసేపు వస్తుందో గడియారం చూసి రాసుకోండి. నెలకోసారి ఛార్జింగ్ పెట్టండి, వాడకపోయినా. కొత్తది కొనాల్సి వస్తే సెల్లు చేత్తో బయటికి తీయగలిగేదే కొనండి. మూడు రకాల ఫ్లాషింగులు, సైరన్ మోతలు ఎవరికి కావాలి?

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో బోర్లకు 24 గంటల కరెంటు ఇచ్చారు. రాత్రి పోయే పని తగ్గింది. అయినా మా నాయన డబ్బా తెరిచే ముందు ఇప్పటికీ లైటు వెలిగించి ఒక నిమిషం దాన్నే చూస్తూ నిలబడతాడు. నడుముకు ఇంకో లైటు కట్టుకుని ఉంటాడు.

మీ లైటు వెనక స్క్రూలున్నాయా, అతికించి ఉందా? బ్యాటరీ మీద ఎన్ని వోల్టులని ఉందో చూసి రాయండి, ఏది తెచ్చుకోవాలో చెబుతాను.