డిబేట్‌కి వెళ్తున్న మనవడికి

పర్లాకిమిడి

చిరంజీవి మనవడికి తాతయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే టెన్షన్ పడుతున్నావని తెలిసిపోయింది. విమాన వాహక నౌకలు మనకు ఉండాల్సిందే అనే వైపు నిన్ను పెట్టారని, పాయింట్లన్నీ అవతలివాళ్ల దగ్గరే ఉన్నాయని అన్నావు. మన నేవీ వాహక నౌకలు పాత విక్రాంత్ మీద, ఆ తర్వాత విరాట్ మీద విమానాలు కదిపే పని చేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

బోయిత బందాణతోనూ (పాతకాలపు ఓడ ప్రయాణాల గుర్తుగా బొమ్మ పడవలు వదిలే ఒడియా పండగ), కళింగ నావికులతోనూ మొదలుపెట్టకు. బరంపురంలో సముద్రం మాట ఎత్తిన ప్రతివాడూ అక్కడి నుంచే ఎత్తుకుంటాడు. నువ్వు గోపాల్‌పూర్ ఒడ్డు నుంచి మొదలుపెట్టు. మన తెలుగు జాలర్ల పడవ లోపలికి పోతుంటే ముందు పడవ అంచు మాయమవుతుంది, నిలబడ్డ మనిషి తల ఇంకాసేపు కనబడుతుంది. యుద్ధనౌక రాడార్‌దీ అదే ఇబ్బంది. నీళ్లను రాసుకుంటూ వచ్చే క్షిపణి ముప్పై నలభై కిలోమీటర్ల దగ్గరికొస్తే గానీ దానికి కనబడదు. అప్పటికి మిగిలేది రెండు నిమిషాలు. అందుకే నౌకలకు పైనుంచి చూసే కన్ను కావాలి. ఒడ్డుకు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఆ కన్నూ, దానికి కాపలా కాసే ఫైటర్లూ ఎప్పుడూ దగ్గరే ఉండాలంటే అవి నౌక మీంచే లేవాలి. ఒడ్డు నుంచి వెళ్లిన ఫైటర్‌కి ఇంధనం చాలావరకు రానూపోనూకే అయిపోతుంది, అక్కడ ఎక్కువసేపు తిరగలేదు.

తర్వాత బ్రిటన్ సంగతి చెప్పు. నీ ప్రసంగానికి బలం అదే. వాళ్లు 1978లో ఖర్చు ఎక్కువని పెద్ద నౌక ఆర్క్ రాయల్‌ని పక్కన పెట్టేశారు. దాని మీద రాడార్‌తో ఎగిరే గానెట్ విమానాలూ దాంతోనే పోయాయి. ఇన్విన్సిబుల్ అనే చిన్న నౌకను ఆస్ట్రేలియాకు అమ్మడానికి కూడా మాట అయిపోయింది. ఇంతలో 1982లో అర్జెంటీనాతో ఫాక్‌లాండ్స్ దీవుల కోసం యుద్ధం, ఇంటికి 12,000 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో. ఇన్విన్సిబుల్, హెర్మిస్ అనే రెండు వాహక నౌకలు అప్పటికింకా చేతిలో ఉండబట్టి వాటి మీంచి లేచే సీ హారియర్ ఫైటర్లతో యుద్ధం చేయగలిగారు. పైన కన్ను మాత్రం లేదు. మే 4న షెఫీల్డ్ నౌకకు ఎక్సోసెట్ క్షిపణి తగిలి 20 మంది చనిపోయారు. ఆ హెర్మిసే 1987లో మన విరాట్ అయింది. ఆ డెక్ మీద నడిచినప్పుడల్లా నాకు ఆ 20 మంది గుర్తొచ్చేవారు.

అవతలివాళ్ల మాటలు వాళ్లకంటే ముందే నువ్వే చెప్పేయ్, దాచకు. కొత్త విక్రాంత్‌కి సుమారు 20,000 కోట్లయింది. 2025లో దాని మీంచి ఎగిరే 26 రాఫేల్ మెరైన్ విమానాలకు ఇంకో 63,000 కోట్ల ఒప్పందం జరిగింది. నౌకల్ని కొట్టడానికే చైనా దూరపు క్షిపణులు చేసుకుంది. ఇవన్నీ నిజమే. అయితే విక్రాంత్ వేగం 28 నాట్లు, అంటే గంటకు సుమారు 52 కిలోమీటర్లు. రాత్రీ పగలూ నడిస్తే ఒక్క రోజులో బరంపురం నుంచి మద్రాసుకున్నంత దూరం వెళ్లిపోతుంది. క్షిపణి ఎంత దూరం పోయేదైనా, నౌక ఆ నిమిషాన ఎక్కడుందో తెలియాలి కదా. అండమాన్ దీవుల నుంచే విమానాలు లేపొచ్చు కదా, నౌక ఎందుకు అని అడుగుతారు. దీవి కదలదు, నౌక కదులుతుంది అని చెప్పు. 1971లో విక్రాంత్ అండమాన్ నుంచే కదిలింది. బాయిలర్‌లో ఒకటి పగుళ్లిచ్చి ఉన్నా, డిసెంబర్ 4న కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీదికి సీ హాక్ విమానాలను పంపింది. దాన్ని వెతుక్కుంటూనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ దాకా వచ్చి అక్కడే మునిగిపోయింది. 1965 యుద్ధంలో విక్రాంత్ మరమ్మతులో ఉండిపోయిన మాటా నువ్వే ఒప్పుకో. ఒక్క నౌకతో సరిపోదని చెప్పడానికి అదే సాక్ష్యం.

ఇప్పుడు నా మాట. నౌకను డబ్బిస్తే కట్టుకోవచ్చు, కానీ డెక్ మీద పనిచేసే చేతులు డబ్బుకు దొరకవు. విమానాలు ఎగిరే ముందు మేమంతా వరుసగా నిలబడి, తలలు దించుకుని డెక్ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచేవాళ్లం. చిన్న రాయి, తీగ ముక్క ఏదున్నా ఇంజిన్‌లోకి పోతుంది కాబట్టి ఏరేయాలి. ఒకసారి నా వెనక వరుసవాడు బియ్యపు గింజంత స్క్రూ ఏరాడు. అది నేను దాటి వచ్చిన చోటే. మా పెద్దాయన ఒక్క మాట అనలేదు, నన్ను మళ్లీ మొదటి నుంచి నడిపించాడు. ఆ పని పుస్తకంలో దొరకదు నాన్నా, పక్కవాణ్ణి చూసి నేర్చుకోవాలి. 2010లో హారియర్లు తీసేశాక బ్రిటన్ తన పైలట్లనూ, డెక్ మనుషులనూ అమెరికా నౌకల మీదికి పంపి ఆ పని మర్చిపోకుండా చూసుకోవాల్సి వచ్చింది. 1997లో పాత విక్రాంత్ పోయాక 2013లో విక్రమాదిత్య చేరేదాకా మనకు మిగిలింది విరాట్ ఒక్కటే. అది కూడా లేకుండా పోయి ఉంటే ఈ రోజు విక్రాంత్ మీద కుర్రాళ్లకు నేర్పేవాడెవడు? ఈ ప్రశ్న అడిగి కాసేపు ఆగు.

ఒడియాలో మాట్లాడినా ముందు తెలుగులో ఆలోచించుకో. అంకెలు నాలుగైదుకు మించొద్దు. ఆదివారం గుణుపూర్ బండికి వచ్చేయ్. ఎదురుగా కూర్చుని వింటాను. డెక్ మీద మేం వాడే చేతి సైగలు కూడా చూపిస్తాను, చెప్పేటప్పుడు నీకు ధైర్యంగా ఉంటుంది. అమ్మమ్మ అరిసెలు చేసి ఉంచుతానంది.

మీ తాతయ్య